రేవులో కేక

దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, వాకాడు దిక్కున ఒక రేవులో నేను విన్న మాటలు చెబుతాను. ఏటి మీద కొత్త వంతెన కట్టి, బస్సు తిరగడం మొదలైన కొన్నాళ్లకు, ఒక ముసలామె ఒడ్డున నిలబడి "ఓ పడవా!" అని కేకేసింది. అవతలి ఒడ్డు నుంచి పడవాయన "వస్తుండా!" అని పలికి, గెడ వేసుకుంటూ వచ్చాడు.

"ఎక్కక్కా. యాడికి పోవాల?"

"యాడికీ లేదబ్బయ్యా."

"మరెందుకు పిలిచినావు?"

"పలుకుతావో లేదో అని."

"బాగుండాది నీ సరసం! బస్సు మీ ఊరి మీదుగానే పోతా ఉంది గదా?"

"పోతాది, ఆగదు. ఎక్కేదానికి ఎవరుండారు? పిల్లోళ్లంతా తడ కాడ కంపెనీల్లో చేరి ఆడే కాపురాలు పెట్టినారు. జనాభా లెక్కలకొచ్చిన పాప మూడిళ్లకే పనైపోయిందని నవ్వింది. ముందు పడవ కోసం కాసుకునే జనం నా అరుగు మీదే కూచునేవాళ్లు. ఇప్పుడు మంచినీళ్లడిగే దిక్కు లేదు."

"నేనూ పడవ అమ్మేస్తుండానక్కా. రొయ్యల గుంటల కాడ కాపలా పని దొరికింది."

ఆమె పడవ అంచు మీద చెయ్యేసింది.

"గుంటలు యాడ?"

"అవతలి ఒడ్డునే."

"అయితే కేకేస్తే వినబడతాది."

"పడవ లేకుండా ఎట్ట వచ్చేది?"

"నిన్నెవరు రమ్మన్నారు? పలకమంటుండా."

"సరే, 'వస్తుండా' అనే పలుకుతాలే. నాకు ఇంకో మాట రాదు."

గుర్తుంచుకో తల్లీ, నలుగురికీ చెప్పు. ఆ వంతెన మీద పోయేటప్పుడు కింద నుంచి కేక వినబడితే, బస్సులోంచైనా సరే పలకమను.