అరచెయ్యి మేస్త్రి

ఏంటే, మఫ్లరు విప్పకుండానే కూర్చున్నావు? కారులో వచ్చావుగా, నడిచొచ్చినదానిలా ఆ వణుకేంటి? హీటరు పనిచెయ్యట్లేదా? పనిచేస్తోంది గానీ చల్లగాలి కొడుతోందా. ఆహా. ముల్లు ఎక్కడుంటోంది? అదే, వేడి చూపించే ముల్లు. సగం దాకా రావాలి. పావు దగ్గరే కొట్టుకుంటోందా, పల్లంలోకి దిగితే ఇంకా పడిపోతోందా... అయితే వాల్వే తల్లీ. థర్మోస్టాట్ అంటారు, మేం వాల్వు అనేవాళ్లం. ఇంజనులోంచి నీళ్లు రేడియేటర్లోకి పోయే దారిలో చిన్న తలుపు అనుకో. నీళ్లు కాగేదాకా మూసుకుని ఉండాలి, కాగాక తెరుచుకోవాలి. నీది తెరుచుకునే ఉండిపోయినట్టుంది. రేపు పొద్దున్న బండి బాగా చల్లగా ఉన్నప్పుడు, ముందు రేడియేటర్లో నీళ్లున్నాయో లేదో చూసుకో. తర్వాత స్టార్ట్ చేసి, రేడియేటరు పైన లావుపాటి రబ్బరు గొట్టం ఉంటుంది చూడు, దాని మీద చెయ్యి వెయ్యి. చున్నీ ఫ్యానులో పడుతుంది, జాగ్రత్త. వాల్వు మంచిదైతే గొట్టం చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతూ వచ్చిందనుకో, పోయినట్టే, కొత్తది వేయించుకో. ఏంటీ, అట్టా? రేడియేటరు ముందు అట్ట పెట్టమని ఎవరు చెప్పారు? మీ ఆఫీసులో కుర్రాళ్లా? వద్దు. వద్దంటే వద్దు. కోపం కాదులేవే. ఆ అట్ట మాటెత్తితే నాకు మా బావ గుర్తొస్తాడు, అందుకు.

నీకు తెలీదులే ఆయన. నువ్వు పుట్టేనాటికే పోయాడు. మీ నానమ్మకి స్వయానా పెద్దన్నయ్య. ఊళ్లో అందరూ అరచెయ్యి మేస్త్రి అనేవాళ్లు, అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. రేకుల షెడ్డు, మధ్యలో గొయ్యి, గోడవారన ఒక బల్ల, బల్లకి బిగించిన, సామాను కదలకుండా పట్టే వైసు, పైన మూడేళ్ల నాటి క్యాలెండరు. తేదీలతో ఆయనకేం పని? బండి వస్తే ముందు ఏం చేసేవాడో తెలుసా, ఏమీ అడిగేవాడు కాదు. డ్రైవరు చెప్తూనే ఉంటాడు, అన్నా అలా శబ్దమొస్తోంది, ఇలా కొట్టుకుంటోంది అని. ఈయన "ఊఁ, ఊఁ" అంటూ బానెట్ ఎత్తి అరచెయ్యి ఆనించేవాడు. గొట్టం మీద, ఇంజను పక్కన, కింద నూనె తొట్టి మీద. పసిపిల్ల ఒళ్లు చూసినట్టు. "మూడో సిలిండరు పనిచెయ్యట్లేదురా, మిగతా వాటికన్నా చల్లగా ఉంది" అనేవాడు. విప్పి చూస్తే అదే. ముల్లు చూడు బావా అంటే, "ముల్లు అబద్ధమాడుతుంది, చెయ్యి ఆడదు" అనేవాడు. దాంతో మా ఊళ్లో ఏ బండికీ ఆ ముల్లు పనిచేసేది కాదంటే నమ్ము. పాడైతే బాగుచేయించేవాళ్లే లేరు, మేస్త్రి చెయ్యి ఉండగా ముల్లెందుకు అని. మేమంతా అంతే. నేనూ అంతే.

ఇంట్లో ఆయనతో అదో గోల. కొత్త వాల్వు తెస్తే ముందు పరీక్ష చెయ్యకుండా వేసేవాడు కాదు. పరీక్ష ఎక్కడ? వంటింట్లో! దారం కట్టి పాలగిన్నెలో నీళ్లల్లో వేలాడదీసి పొయ్యి మీద పెట్టేవాడు. నీళ్లు మరిగే ముందు ఆ వాల్వు నోరు తెరవాలి, దింపి చల్లార్చితే మళ్లీ మూసుకోవాలి. మా అక్కయ్య, అంటే ఆయన భార్య, గుమ్మంలో నిలబడి, "ఇనుము కాచిన గిన్నెలో పాలు కాచి పోస్తున్నా కదా, అందుకే ఇంట్లో అందరికీ ఇంతింత గట్టి గుండెలు" అని సాధించేది. ఆయన నవ్వి ఆ మరుగుతున్న గిన్నె అంచు ఒట్టి చేత్తో పట్టుకుని దింపేవాడు. మసిగుడ్డ లేదు, పట్టకారు లేదు. మేం చూసి మురిసిపోయేవాళ్లం. "మేస్త్రి చెయ్యంటే చెయ్యి కాదు, ఇనుము" అని మీ నానమ్మ అందరి దగ్గరా గొప్పలు పోయేది. పొగలు కక్కే టీ గ్లాసు మేం అంచు మీద రెండు వేళ్లతో పట్టుకుని ఊదుకుంటుంటే ఆయన గుప్పిట్లో పెట్టుకుని కబుర్లు చెప్పేవాడు. అదేదో ఘనత అనుకున్నాం తల్లీ. బుద్ధి ఉన్నవాడు ఒక్కడు కూడా లేకపోయాడు మాలో.

అప్పుడు నేను ఆసుపత్రి వ్యాను నడిపేవాణ్ని. కొండ మీది ఊళ్లనుంచి రోగులను కిందకి తేవడం, తిరిగి దింపడం. ఎండాకాలంలో ఎత్తెక్కేటప్పుడు నీళ్లు మరుగుతున్నాయని ఆ వాల్వు పీకి పారేశాం. అదొక అలవాటు ఆ రోజుల్లో, ఎండలు రాగానే పీకెయ్యడం. చలికాలం వచ్చేసరికి పీకిన సంగతి పీకినవాడికీ గుర్తుండదు, నడిపేవాడికీ గుర్తుండదు. మంచు పడటం మొదలైంది. బండి గంట నడిచినా వేడెక్కదు, నల్లటి పొగ, డీజిలు చూస్తే తాగుబోతు తాగినట్టు తాగుతోంది, హీటరు వేస్తే చల్లగాలి. వెనకాల నర్సమ్మ ఉండేది, మాట కటువు, మనసు వెన్న. "ఏమయ్యా డ్రైవరూ, వీళ్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్నావా, ఐసులో పెట్టి అమ్మడానికి తీసుకెళ్తున్నావా?" అంది. సిగ్గేసి బావ దగ్గరకి తోలుకెళ్లాను.

ఆయన మూత విప్పి చూసి, "వాల్వే లేదు కదరా" అని తల కొట్టుకుని, కొత్తది గిన్నెలో కాచి చూసి వేశాడు. బండి పావుగంట ఆడించాం. గొట్టం మీద చెయ్యి వేశాడు. వేసి, మొహం చిట్లించాడు. "ఇంకా చల్లగానే ఉంది" అన్నాడు. ఇంకో వాల్వు. అదీ చల్లగానే ఉందన్నాడు. మూడోది. "కొత్త సరుకంతా బూటకమోయ్, గిన్నెలో తెరుచుకుంటుంది, బండిలో పనిచెయ్యదు" అని దాన్ని తిట్టి, "ముందు అట్ట కట్టు, చలిగాలి తగలకుండా" అన్నాడు. సగం కట్టాం. మర్నాడు మళ్లీ చెయ్యి పెట్టి, "చాల్లేదు, మొత్తం మూసెయ్" అన్నాడు. మొత్తం మూసేశాను. ఇప్పుడు నా తెలివి విను. అప్పటికి రెండ్రోజులుగా హీటరు నా పిక్కలు కాల్చేస్తోంది. నర్సమ్మ శాలువా తీసి ఒళ్లో పెట్టుకుంది, "హమ్మయ్య, ఇప్పటికి బండి అనిపించింది" అంది. నా కాళ్లు కాలుతున్నాయి, మేస్త్రి చల్లగా ఉందన్నాడు, కాబట్టి చల్లగానే ఉంది. అంతే. నా కాళ్లకి ఏం తెలుసు అనుకున్నాను! నవ్వకు. నవ్వులే, నవ్వు, నవ్వాల్సిందే నన్ను చూసి.

మూడోనాడు నలుగురు రోగులతో ఎత్తెక్కుతున్నా. సగం దారిలో హీటరు ఉన్నట్టుండి చల్లబడింది. చూశావా, బావ మాటే నిజం, బండి చల్లగానే ఉంది అనుకున్నా. నీళ్లు మరిగి పొంగి పోతే కూడా హీటరు చల్లబడుతుందని నాకప్పుడు తెలీదు. ఇంకో మలుపు తిరిగామో లేదో, బానెట్ కిందనుంచి తెల్లటి ఆవిరి గుప్పున లేచింది, ఇంజను టకటకా కొట్టుకుని ఆగిపోయింది. మంచులో అందర్నీ దింపి దూరంగా నిలబెట్టాం. ఒక ముసలాయన, ఉబ్బసం మనిషి, రోడ్డుపక్క రాయి మీద కూర్చుని ఊపిరి అందక ఒకటే ఆయాసం. ఆ నర్సమ్మ ఆయన వీపు రుద్దుతూ, "డ్రైవరూ, ఏదో ఒక బండి ఆపవయ్యా" అని అరుస్తోంటే నేను రోడ్డు మధ్యలో చేతులు చాచి నిలబడ్డాను. గంట. గంట పట్టింది పాలవ్యాను రావడానికి. ఆయన బతికాడులే. బతికాడు. ఆ గంట మాత్రం నేను మర్చిపోను.

పెద్ద డాక్టరు నన్ను పిలిచాడు. ఆసుపత్రికి ఆయనే సూపరింటెండెంటు. అట్ట మొత్తం కట్టమన్నది ఎవరు అన్నాడు. నాకేం తోచిందో, "నేనే సార్, నా తెలివితక్కువ" అన్నాను. మేస్త్రి పేరు చెప్తే ఆ షెడ్డుకి మళ్లీ బండి వస్తుందా? వ్యాను తీసేసి నన్ను గిడ్డంగిలో ఆక్సిజను సిలిండర్లు దొర్లించే పనిలో పెట్టారు. ఇంటికొచ్చి మీ నానమ్మతో చెప్పాను, అంతా, కాళ్లు కాలిన సంగతితో సహా. ఆవిడ వింటూ వింటూ చపాతీ తిప్పడం ఆపేసింది. "మీ కాళ్లు కాలితే అన్నయ్య చేతికి చల్లగా ఎలా ఉందండీ?" అంది. చూశావా, మూడు రోజులు ఇంతమంది మగాళ్లం బండి చుట్టూ తిరిగాం, ఆ ప్రశ్న ఒక్కడికి రాలేదు. ఆ చపాతీ మాడిపోయింది, ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. "నేను వెళ్లి చూస్తా" అంది.

మర్నాడు మధ్యాహ్నం మేమిద్దరం వెళ్లేసరికి ఆయన భోజనం ముగించి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఈవిడ లోపల్నుంచి రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి పొయ్యి మీదనుంచి దించిన నీళ్లు, ఒకటి కుండలోవి. "అన్నయ్యా, చిన్నప్పటిలా ఓ ఆట ఆడదాం, కళ్లు మూసుకో" అంది. ఆయన నవ్వుతూ మూసుకున్నాడు. చెరో చేతిలో ఓ గ్లాసు పెట్టింది. "ఏది వేడిదో చెప్పు" అంది. ఆయన నవ్వు అలాగే ఉంది కాసేపు. చేతులు మార్చుకున్నాడు. మళ్లీ మార్చుకున్నాడు. "రెండూ ఒకటే కదే" అన్నాడు. అప్పుడు కళ్లు తెరిచాడు. ఒక గ్లాసులోంచి పొగ వస్తోంది. చూశాడు. మా అక్కయ్య గుమ్మంలోంచి గబగబా వచ్చి ఆ గ్లాసు లాక్కుని ఆ చెయ్యి తిప్పి చూస్తే, అరచేతి నిండా పాత బొబ్బలు, కొత్త బొబ్బలు, మసి, గ్రీజు కింద ఎవరం ఎప్పుడూ చూడనివి. ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను, ఈ చెయ్యి ఒక్కసారి తిప్పి చూడలేకపోయానే అని ఆవిడ ఏడుపు. ఆయన మాత్రం, "ఆ ముసలాయనకి ఎలా ఉంది?" అని నన్నడిగాడు. బావున్నాడు బావా అన్నాను. "నువ్వు సిలిండర్లు దొర్లిస్తున్నావట?" అన్నాడు.

చెప్పులేసుకుని అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లిపోయాడు. నేను వెనకే పరిగెత్తాను, బావా వద్దు, అయిందేదో అయింది, నీ పని పోతుంది అని. వినలేదు. పెద్ద డాక్టరు గదిలో నిలబడి, "అట్ట కట్టమన్నది నేనండి. మా బావమరిది కాదు. నా చేతికి వేడి తెలియట్లేదండి, నాకే ఇవాళ తెలిసింది" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ చెయ్యి తప్ప ఇంకో ఆస్తి లేని మనిషి తల్లీ. నేను తలుపు బయట గోడకి ఆనుకుని ఏడ్చేశాను, సిగ్గు లేకుండా. డాక్టరు అరుస్తాడనుకున్నా. అరవలేదు. కుర్చీ చూపించి, ఆ రెండు చేతులూ బల్ల మీద పెట్టించి, గుండుసూదితో గుచ్చి గుచ్చి చూశాడు. "ముందు నీ రక్తం చూద్దాం మేస్త్రీ, తర్వాత నా బండి సంగతి" అన్నాడు. చక్కెర జబ్బు, ఎన్నేళ్లనుంచి ఉందో. నరాలు చచ్చిపోయాయన్నారు. కాళ్లకి అంతకుముందే స్పర్శ పోయిందట, ఇంకో ఏడాది ఆగితే కాళ్లే తీసెయ్యాల్సొచ్చేదట. నాకు వ్యాను తిరిగిచ్చారు. బండి పని మాత్రం వేరే షెడ్డుకి వెళ్లిపోయింది, పై నుంచి ఉత్తరం వచ్చింది, డాక్టరు చేతుల్లో లేదు. ఆయన ఏమీ అనుకోలేదు. బండ్లకి ముళ్లు బిగించడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఉన్న ప్రతి డొక్కు బండికీ. "నన్ను నమ్మొద్దు, దీన్ని చూడండి" అని. కొందరు నవ్వారు. నవ్వనీ.

ఆ మరుసటి చలికాలం మీ నాన్నకి జ్వరం వచ్చింది. రెండేళ్ల పిల్లాడు, ఒళ్లు కాలిపోతోంది, వెక్కి వెక్కి ఏడుపు. బావ వచ్చాడు చూడ్డానికి. అలవాటుకొద్దీ వాడి నుదుటి మీదకి చెయ్యి చాపాడు. చాపి, మధ్యలో ఆగిపోయాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, వీపు వెనక పెట్టుకున్నాడు. మేమెవ్వరం చూడనట్టే ఉన్నాం. తర్వాత మెల్లిగా వంగి, ఆ గరుకు గడ్డంతో, తన చెంప తీసుకెళ్లి వాడి నుదుటికి ఆనించాడు. అలాగే ఉన్నాడు చాలాసేపు, కళ్లు మూసుకుని. పిల్లాడు ఏడుపు ఆపేశాడు. "వేడిగా ఉందే చెల్లీ, తెలుస్తోంది నాకు" అన్నాడు. తెలుస్తోంది నాకు అన్నాడు తల్లీ, అదీ...

నీ టీ చల్లారిపోతోంది. తాగు.