ఎడమచేతి వరుస

ఆదివారం, మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలు. స్టేషన్ లోపలి గది.

నా పేరు మీ రైటరు గారు పై గడిలో రాసుకున్నారు. ఆ పేరుతో పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడను. బజారులో అందరికీ నేను డబ్బాల మేస్త్రీని. వయసు నలభై ఆరు. పాత కంప్యూటర్లు, ప్రింటర్లు బాగు చేయడం వృత్తి. అమ్మతో కలిసి ఉంటున్నాను. ఒక్క మనవి, సార్. నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. ఇరవై ఏడేళ్ల కిందట ఇదే స్టేషన్లో మా అమ్మ చెప్పింది ఒకటి, మీవాళ్లు రాసుకున్నది ఒకటి.

అప్పుడు రాసుకున్నది ఇది: మా అక్క, వయసు ఇరవై నాలుగు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో టైపింగ్ నేర్పేది, తన ఇష్టంతో ఇల్లు విడిచి వెళ్లింది. రుజువుగా ప్రింటు తీసిన ఉత్తరం ఒకటి. బజారు భాషలో లేచిపోయింది. ఆ మాట వినలేక మేం రెండు ఇళ్లు మారాం. నేనూ నమ్మాను. అక్క ఫొటోలు నా చేతులతోనే చింపాను. అమ్మ ఈ ఇరవై ఏడేళ్లలో దాని పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అక్క లేచిపోలేదు, సార్. ఆ మాట రాయించడానికే వచ్చాను.

ఆ ఉత్తరంలో నాలుగే వాక్యాలు. తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. నేను నా ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను. నా కోసం వెతకవద్దు. నన్ను క్షమించండి. తమ్ముడిని బాగా చదివించండి. ఆ తమ్ముణ్ణి నేనే. అప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ చివరి వాక్యం తలుచుకుని నేను ఏడ్వని రోజు లేదు.

ఆ తర్వాత మూడో వారంలో మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఇప్పుడు మీ వరండాలో బెంచీ మీద కూర్చున్నది ఆయనే. అప్పట్లో ఆయనకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది, అక్క ఇన్‌స్టిట్యూట్ మిషన్లు కూడా ఆయనే బాగు చేసేవారు. "అమ్మా, కుర్రాణ్ణి నాకప్పగించండి, పని నేర్పుతాను" అన్నారు. నేర్పారు. టంకం వేయడం దగ్గర్నుంచి సర్క్యూట్ చదవడం దాకా ఆయన పెట్టిన భిక్షే. నాన్న లేని నాకు నాన్నలాగా ఉన్నారు. ఈ వాక్యం కొట్టేయకండి, అలాగే ఉండనివ్వండి.

మాకు ఒక చిన్న సంఘం ఉంది. దర్జీ షాపు పైన గది. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు కలుస్తాం. మాస్టారు, నేను, మందుల షాపావిడ, రిటైరైన లైన్‌మన్ బాబాయి. ఎవరికీ అక్కర్లేని పాత మిషన్లు తెచ్చి, దుమ్ము దులిపి, ప్రాణం పోసి, వాటిలోని పాత ప్రోగ్రాములు ఆడించి, దీని కన్నా అది మేలని పోట్లాడుకుంటాం. మా ఇళ్లలో వాళ్లకు ఇదొక పిచ్చి. మాకు రెండే నియమాలు, రెండూ మాస్టారు పెట్టినవే. ఒకటి, ఏ పాత డిస్క్ దొరికినా ముందు కాపీ తీయాలి. రెండు, తిరగడం మొదలుపెట్టిన డిస్క్‌ను మధ్యలో ఆపకూడదు, ప్రోగ్రాము తనంతట తాను ముగిసేదాకా కూర్చోవాలి. ఆపితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు గనుక. ఒకసారి నేను భోజనానికి లేస్తూ ఒక మిషన్ ఆపబోతే, చేయి పట్టుకుని లాగారు. "ముసలి ప్రాణంరా అది, పడుకుంటే లేవదు" అన్నారు.

మొన్న గురువారం ఉదయం పదకొండు ప్రాంతంలో పాత సామాన్ల వ్యాపారి ఫోను చేశాడు. ఏదో పాత బిల్డింగు పడగొడుతున్నారు, అటక మీద కంప్యూటర్ డబ్బా ఒకటి దొరికిందన్నాడు. వెళ్లి చూస్తే మిషన్ పక్కన రేకు చీటీ మీద అక్క పని చేసిన ఇన్‌స్టిట్యూట్ పేరు ఉంది. చీటీ మీది దుమ్ము చేత్తో తుడిచి మళ్లీ చదివాను. మాస్టారుకు ఫోను చేసి చెప్పాను. "ఎందుకురా ఆ చెత్త? బోర్డంతా తుప్పు పట్టి ఉంటుంది, వదిలేయ్" అన్నారు. చూడకుండా ఏ మిషన్‌నూ చెత్త అన్న మనిషి కాదు. నా మనసు బాగుండదని అలా అన్నారనుకుని, నేనే జాలిపడ్డాను.

శుక్రవారం షాపులో విప్పాను. తుప్పు లేదు, తుట్టె లేదు. డిస్క్ తిరిగింది. నియమం ప్రకారం కాపీ తీశాను. అందులో అక్క రాసిన ప్రోగ్రాము కనిపించింది. దాని సంగతి చెప్పాలి. అక్క ఉత్త టైపిస్టు కాదు, సార్, బుర్ర ఉన్న మనిషి. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో తెలుసుకోవడానికి తనే ఒక ప్రోగ్రాము రాసుకుంది. మిషన్ ఆన్ చేస్తే చాలు, చప్పుడు లేకుండా వెనకాల నడుస్తూ, కీబోర్డు మీద ఎవరు ఏ మీట ఎప్పుడు నొక్కారో అన్నీ రాసిపెడుతుంది. తర్వాత ఆడిస్తే అదే వేగంతో, అవే విరామాలతో అక్షరాలు తెర మీద పడతాయి, మీట మీటకు లోపలి స్పీకరు టిక్కుమంటుంది. "వేళ్ల చప్పుడు చాలురా, మనిషెవరో చెప్పేస్తాను" అనేది. నేను వంటింట్లో పళ్లెం మీద వేళ్లు ఆడిస్తే కళ్లు మూసుకుని, "తమ్ముడూ, ఆకలేస్తోందా?" అనేది.

రికార్డుల్లో చివరిది అక్క కనపడకుండా పోయిన రోజుది. ఒక్కణ్ణీ వినే ధైర్యం చాల్లేదు. ఈ రోజు గదికి తీసుకువెళ్లాను.

పదీ నలభైకి ఆడించాను. మాస్టారు నా కుడి పక్క కుర్చీలో ఉన్నారు. కాసేపు టిక్కుల వాన. పరీక్ష పేపరు టైపు చేస్తోంది అక్క. నాలుగు అక్షరాలకొకసారి చిన్న ఆగుడు ఉండేది దానికి, ఊపిరి తీసుకున్నట్టు. అది వినబడగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాను. గదిలో అక్క లేదు. తెర మీద అక్షరాలు పడుతున్నాయి. తప్పు కొట్టి, వెనక్కి వచ్చి, దిద్దుకుంటోంది. మందుల షాపావిడ నా భుజం మీద చేయి వేసి, "మీ అక్కే కదా అన్నయ్యా?" అంది. తలూపాను.

పదీ యాభై ఎనిమిదికి ఒక మాట మధ్యలో ఆగింది. ఆరు నిమిషాలు ఏమీ లేదు.

పదకొండూ నాలుగుకు మళ్లీ మొదలైంది. కానీ ఆ చేయి వేరు. టిక్. చాలాసేపటికి ఇంకో టిక్. ఒక్క వేలితో, మీట వెతుక్కుంటూ. మాటకూ మాటకూ మధ్య ఖాళీ మీట, అదే స్పేస్‌బార్, రెండుసార్లు. మందుల షాపావిడ పకపకా నవ్వింది. "మాస్టారూ, ఇది అచ్చం మీరు కొట్టినట్టే ఉందండీ! కోడి గింజలేరినట్టు!" అంది. బాబాయీ నవ్వాడు. నేనూ నవ్వాను, సార్. నవ్వాను. మాస్టారుకు అంత విద్య ఉన్నా టైపింగ్ రాదు, ఒక్క వేలే. ఖాళీ మీట రెండుసార్లు నొక్కడం ఆయన అలవాటు. దాని మీద మాకు ఎప్పుడూ వేళాకోళమే. మాస్టారు కూడా నవ్వారు.

తర్వాత తెర మీద అక్షరాలు చూశాను. నేను నా ఇష్ట, అని ఉంది.

తర్వాత రాబోయే మాట తెర కన్నా ముందే నా నోట్లో ఉంది. పైకే చెప్పడం మొదలుపెట్టాను. నేను చెబుతున్నాను, వెనకాల ఒక్కొక్క టిక్కూ వచ్చి చేరుతోంది. మందుల షాపావిడ నవ్వు ఆపేసింది. మా ఇంట్లో ఉన్న ఉత్తరంలో మాటల మధ్య ఖాళీలు ఎక్కువగా ఉంటాయి. ప్రింటరు లోపమనుకున్నాను ఇన్నేళ్లూ. ప్రింటర్లు బాగు చేసేవాణ్ణి, ప్రింటరు లోపమనుకున్నాను! చివరి వాక్యం వచ్చింది. తమ్ముడిని బాగా చదివించండి. పదకొండు నిమిషాలు పట్టింది మొత్తం కొట్టడానికి.

అప్పుడు మాస్టారు, "ఆపెయ్యరా" అన్నారు.

నేను కదల్లేదు. "ఆపెయ్. ఇంకేం లేదు" అన్నారు మళ్లీ.

లైన్‌మన్ బాబాయి అమాయకుడు. "అదేమిటి మాస్టారూ, తిరిగే డిస్క్ ఆపకూడదని మీరే కదా..." అన్నాడు. మాస్టారు స్విచ్ మీదికి చేయి చాపారు. నేను ఆ చేయి పట్టుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. పట్టుకున్నాను, అంతే. చల్లగా ఉంది. ఆయన వెనక్కి వాలి కూర్చున్నారు. లేచి పోవచ్చు, తలుపు తెరిచే ఉంది. పోలేదు.

ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఏమీ లేదు. కింద దర్జీ మిషన్ చప్పుడు కూడా ఆగిపోయింది, ఎందుకో తెలియదు. డిస్క్ ఒక్కటే తిరుగుతోంది. మాస్టారు తెర వైపే చూస్తున్నారు. నిజంగా ఏమీ ఉండదనే ఆయన నమ్మకం. నాకూ ఏమీ ఉండకూడదనే అనిపించింది.

పదకొండూ యాభై మూడుకు టిక్కుమంది.

ఏ ఎస్ డి ఎఫ్. ఆగుడు. ఏ ఎస్ డి ఎఫ్. టైపింగులో మొదటి పాఠం, మొదటి వరుస. మెల్లిగా ఉంది గానీ ఆ ఆగుడు అక్కదే. ఈ నాలుగూ ఎడమచేతి మీటలు. వీటి తర్వాత కుడిచేతి మీటలు నాలుగు రావాలి, పాఠం అలాగే ఉంటుంది. ఒక్కటి రాలేదు. ఏ ఎస్ డి ఎఫ్. ఏ ఎస్ డి ఎఫ్. కుడిచేయి ఏమైందో నాకు తెలియదు. సాయం అడగలేదు, ఎవరి పేరూ కొట్టలేదు. ఎవరైనా తుడిచేస్తారనుకుందో, అంత ఓపిక లేదో. పదిహేడుసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిదోసారి ఏ ఎస్ దగ్గర ఆగింది. డి కోసం చూస్తూనే ఉన్నాను. పదకొండూ యాభై ఏడుకు రికార్డు అయిపోయింది.

మాస్టారు చాలా మామూలు గొంతుతో, "అప్పటికే ప్రాణం పోయిందనుకున్నాను" అన్నారు.

నలుగురమే ఉన్నాం ఆ గదిలో. మిగతా ముగ్గురం విన్నాం. మిగతావాళ్లను కూడా అడిగి రాసుకోండి. అక్క ఎక్కడుందని అడిగాను. కాళ్లు పట్టుకుని అడిగాను. మాట్లాడలేదు. "పదండి స్టేషన్‌కి" అంటే చెప్పులు వేసుకుని మా ముందే నడిచారు. దారిలో రోడ్డు దాటేటప్పుడు, ఎప్పటిలాగే, నా చేయి పట్టుకున్నారు. నేను విదిలించుకోలేకపోయాను. అదీ రాయండి.

మిషన్, డిస్క్ కాపీలు రెండు, ఇంట్లోని ఉత్తరం అప్పగిస్తున్నాను. అక్క ఎక్కడుందో ఆయన చేత మీరు చెప్పించాలి.

అమ్మకు ఇంకా చెప్పలేదు. లేచిపోలేదమ్మా, అని మొదటి మాట నేను చెప్పగలను. ఆ మాట కోసం ఇరవై ఏడేళ్లు ఎదురుచూసిన మనిషి, సంతోషంతో, "అయితే ఎక్కడుందిరా?" అంటుంది. అప్పటికి మీ ఆడ కానిస్టేబుల్ ఎవరైనా నా పక్కన ఉండాలి.

ఇందులో నేను చూసింది, విన్నదే ఉంది. ఊహించింది ఎక్కడుందో అక్కడ ఊహ అనే చెప్పాను. మొత్తం చదివి వినిపించారు, సరిగ్గా ఉంది.

(సంతకం రెండుసార్లు కుదరనందున, ఎడమ బొటనవేలి ముద్ర తీసుకోవడమైనది.)