ఇరుకు రింగు తీసేసిన లాటు

మొగుడు చేసిన లాటుకే పనికిరాదని ఎర్ర స్టిక్కరు అంటిస్తావా? అదీ ప్యాకింగ్ వాళ్లంతా చూస్తుండగా? తియ్యడానికి నా పరువే దొరికిందా నీకు?

ఆ బల్ల తుడుచుకుంటూనే విను. టెస్ట్ రూములో ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం. రేపు పొద్దున్నే మేనేజరు, అదే మన తొందరాయన, లారీ తెప్పిస్తున్నాడు. ఈ హెల్మెట్లు లారీ ఎక్కితే నన్ను షిఫ్టు ఇన్‌ఛార్జిని చేస్తానన్నాడు. ఎక్కకపోతే మళ్లీ గోదాములో సంచులు మొయ్యడమే. ఇదంతా నీకు తెలీదా?

అవును, మిక్సింగ్ మిషన్లో స్క్రూ చివరుండే ఇరుకు రింగు నేనే తీశాను. తియ్యక ఏం చెయ్యను? కరిగిన ప్లాస్టిక్కూ రబ్బరూ అంతా ఆ సన్నటి సందులోంచి దూరి రావాలంటే మోటారు మూలుగుతోంది. తొందరాయనేమో నా నెత్తిమీద నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

పోనీ తీసి ఊరుకున్నానా? స్క్రూ స్పీడు పెంచాను. ఎంత జోరుగా తిప్పితే అంత బాగా కలుస్తుందనే కదా ఎవరైనా అనుకునేది? నువ్వు తప్ప.

అదేలే, నీ తేనె సంగతి మర్చిపోలేదు. నిన్న వంటింట్లో గ్లాసుడు నూనెలో తేనె బొట్టు వేసి, తిప్పు అన్నావు. చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పాను. విడిపోతేగా? తేనె నూనెకన్నా బాగా చిక్కన కాబట్టి, నూనె తిరిగినకొద్దీ అదీ బొంగరంలా తిరుగుతుందే తప్ప తెగదన్నావు. తర్వాత రెండిటినీ సిరంజిలోకి లాగి సన్నటి మూతిలోంచి నెట్టావు. అక్కడ ముందుకి లాగేసరికి బొట్టు దారంలా సాగింది, తెగి చిన్న చిన్న పూసలైంది. చూశాను. నాకూ కళ్లున్నాయి.

మన రబ్బరు కూడా అంతేనన్నావు. ఆ గట్టి ప్లాస్టిక్‌లో రబ్బరు సన్నటి చుక్కలుగా చెదిరితే పగులు ఎక్కడికక్కడ ఆగిపోతుంది. పెద్ద బొట్లుగా ఉండిపోతే, దెబ్బ తగలగానే హెల్మెట్టు గాజులా పగులుతుంది. సరే, ఒప్పుకున్నాను. కానీ అప్పటికే సగం లాటు అయిపోయింది కదా. మధ్యలో మిషన్ ఆపి, రింగు మళ్లీ బిగించి, తొందరాయనకి ఏమని చెప్పను? తప్పు చేశానని చెప్పనా?

అయినా కొన్నవాళ్లంతా బండిమీంచి పడతారా ఏంటి? పడ్డా అందరికీ తలకే తగులుతుందా?

అలా చూడకు. ఏడుస్తున్నావా? నువ్వేడిస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు, తెలుసుగా. ఒక్క స్టిక్కరు, అంతే. గోటితో గీకితే ఊడొస్తుంది. నేనే పీకేద్దును, దానిమీద నీ సంతకం ఉందని ఆగాను.

లేచావేం? ఇంటికేనా? పద, బండి తీస్తాను.

ఆ లాటు పెట్టె ఎందుకు విప్పుతున్నావు? నీ హెల్మెట్టు కొక్కేనికి ఉందిగా, రోజూ పెట్టుకునేది.

ఇదేం వేళాకోళం? బెల్టు కూడా బిగించేశావా? అది పెట్టుకుని నా వెనక కూర్చుంటావా, ఇంటిదాకా? ఆ రోడ్డుమీద, ఆ లారీల మధ్య?

తీసెయ్.

నెమ్మదిగానే తోలతాను, అది కాదు. వానపడి రోడ్డంతా జారుడుగా ఉంది. తీసెయ్యమంటున్నానా. కావాలంటే నాది పెట్టుకో. నీకు దణ్ణం పెడతాను, ముందు అది తియ్యి.

భయంగా ఉందే. చాలా? నా నోటితో వినాలనేగా నీ పట్టుదల? ఆ లాటులోది నీ తలమీద చూడలేను.

ఎవడి పెళ్లాం తలమీదో అయితే పర్లేదనుకున్నాను, పొద్దుట్నించీ. అలాంటివాణ్ణి నేను. ఉండనీ ఆ స్టిక్కరు. సంచులే మోస్తాను.