ఎడమచేతి అలవాటు

షోరూమ్ వాళ్ల ఫోను పెట్టేసి, మా ఆయన నీరసంగా కూలబడ్డారు.

"మన మోటార్‌సైకిల్ వచ్చేసిందట."

"ఎర్రదేనా? అబ్బ! మరి పరీక్ష తప్పినట్టు ఆ ముఖమేంటండీ?"

"నవ్వకు. నిన్న మీ అన్నయ్య బండి మీద నేను నేర్చుకుంటుంటే పిల్లి అడ్డొచ్చింది. గబుక్కున ఎడమచేత్తో నొక్కేశాను."

"అది క్లచ్ కదా!"

"పదేళ్లు గేర్లు లేని స్కూటర్ తోలిన చెయ్యి. దానికి అదే బ్రేకు. బండి ఆగలేదు. కాళ్లు నేలకేసి ఈడుస్తూ, గోడకి జానెడు దూరంలో ఆపాను."

"అయ్యో! పిల్లో?"

"దానికేం, నిక్షేపంలా ఉంది. వెనకాల నువ్వుంటే? తలుచుకుంటేనే గుండె జారిపోతోంది. వద్దని చెప్పేద్దామా?"

"చాల్లెండి. మా నాన్న బండి మీద నేర్చుకున్నదాన్ని నేనున్నాగా. రేపు పొద్దున్నే మైదానానికి పోదాం. నేను వెనకనుంచి తోస్తాను, మీరు కుడిచేత్తో, కుడికాలితో ఆపండి. ఎడమచేతికి బుద్ధొచ్చేదాకా ఇంజనే స్టార్ట్ చెయ్యం."