కారులో మార్పులేమైనా ఉన్నాయా?

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, ఇది గట్టిగా చెప్పే కథ కాదు. పైవాడు కొందరికి మాట ఇస్తాడు, కొందరికి చేతిలో పనితనం ఇస్తాడు. టర్బో మావయ్యకు మాత్రం రెండూ ఇచ్చి, ఏది ఎక్కడ వాడుకోవాలో ఆయనకే వదిలేశాడు.

వర్క్‌షాపుల వీధి చివర ఒక టీ కొట్టు, దాన్ని ఆనుకునే మావయ్య లేత్ షాపు. ఇనుమును వెన్నలా చెక్కే చెయ్యి ఆయనది. ఎవరో తుక్కుకు తోసేసిన ఎర్ర స్పోర్ట్స్ కారును, రెండే సీట్లది, తెచ్చుకుని ఏళ్ల తరబడి సెలవు రోజులన్నీ దానికే ధారపోశాడు. స్ప్రింగులు కోసి కిందికి దించాడు, వెడల్పు చక్రాలు ఎక్కించాడు. ఇంజన్లోకి గాలిని బలవంతంగా నెట్టి బండికి ఊపు తెచ్చే టర్బోను కొనే స్తోమత లేక, తన లేత్ మీద తనే తయారుచేసి బిగించాడు. అసలు పేరు అప్పటినుంచి ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ రోజు పొద్దున ఆయన టీ కొట్టుకు నడిచి వచ్చాడు. కారు షాపు వెనక కవరు కప్పుకుని ఉంది. దాని ఇన్సూరెన్స్ ఆ రోజుతో అయిపోతుంది. వారం నుంచి ఆయన కంపెనీల చుట్టూ ఫోన్లు తిప్పుతూ కొటేషన్లు పోల్చుకుంటున్న సంగతి వీధి అంతటికీ తెలుసు. నిన్న చివరి కంపెనీ ఏం చెప్పిందో మాత్రం తనొక్కడికే తెలుసనుకున్నాడు.

అప్పుడే స్కూలు వ్యాను వచ్చి ఆగింది. పిల్లల్ని దింపేసి వచ్చిన డ్రైవరు, కూర్చోకుండా, ఫోను చేత్తో పట్టుకుని నేరుగా మావయ్య దగ్గరికే వచ్చాడు.

"మావయ్యా, మీరు కంపెనీలన్నిటితో మాట్లాడారు కదా, ఒక్క మాట చెప్పండి. నా పాలసీ కూడా ఇవాళ్టితో ఆఖరు. అన్నీ నింపేశాను. ఇదిగో, ఇక్కడ ఆగిపోయాను. వాహనంలో మార్పులేమైనా ఉన్నాయా అని అడుగుతున్నాడు. ఉన్నాయి అని నొక్కనా, లేవు అని నొక్కనా?"

ఉన్న మార్పు ఒక్కటే. వ్యానులో చివర, పిల్లల సంచులు పెట్టుకునే చోట, ఒక ఇనప బెంచీ. నలుగురు చిన్నపిల్లలు వెనక తలుపుకు వీపు ఆనించి దాని మీద కూర్చుంటారు. వాళ్లలో ఒకతె, ఇప్పుడు అక్కడే కూర్చుని టీ తాగుతున్న దర్జీ మనవరాలు. ఆ బెంచీ చేసి బిగించింది మావయ్యే. ఉందంటే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోకపోతే రేపు వ్యాను కదలదు. లేదన్నాక జరగరానిది జరిగితే, ఆ పిల్లల వెనక నిలబడే కాగితం ఉండదు. ఆ రెండో సంగతి డ్రైవరు పైకి అనలేదు. నోటితో అనడానికే భయమేసే సంగతి అది.

మావయ్య సమాధానం చెప్పబోయాడు. చెప్పి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ దర్జీ గ్లాసు పైనుంచి తొంగి చూశాడు.

"అల్లుడి సంగతి తర్వాత. బావా, నీ ఎర్ర గుర్రానికి ఎవరెంత చెప్పారు? వారం నుంచి అడుగుతున్నాను, నోరు విప్పవేం?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది. మావయ్య వీపు దానంతటదే నిటారైంది.

"వాళ్లెంత చెప్పారో తర్వాత బావా, ముందు మొదటి కంపెనీలో ఫోనెత్తిన అమ్మాయి సంగతి విను. కొటేషన్ చెప్పింది, కాస్త ఎక్కువే చెప్పింది. నేను బేరం ఆడలేదు. ఫోను తీసుకెళ్లి బానెట్ మీద పెట్టి తాళం తిప్పాను, అంతే. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుంది. తర్వాత ఆ అమ్మాయి, 'సార్, ఇంత శుభ్రమైన ఇంజను నా ఉద్యోగంలో వినలేదు, మా మేనేజరుతో మాట్లాడి కొంచెం తగ్గిస్తాను' అంది."

"సరే, అంతవరకు నమ్మొచ్చు," అన్నాడు దర్జీ.

"ఈ సంగతి రెండో కంపెనీకి ఎలా పొక్కిందో మరి, వాళ్లే ఫోన్ చేశారు, సగానికి ఇస్తామన్నారు. మూడో కంపెనీవాడు అప్పటికే లైన్లో దూరి ఉన్నాడు, నాలుగోవాడు వాడి వెనకాల. నలుగురూ నా చెవిలోనే కొట్టుకుంటున్నారు, నా కారంటే నా కారని. నేను ఫోను బల్ల మీద పెట్టేసి, తీరిగ్గా స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేసరికి రేటు నేల మీద పాకుతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు స్నానం చేశావన్న దగ్గరే నాకు అనుమానం వచ్చింది బావా."

టీ కొట్టు ఆవిడ నవ్వుతూ పాలు తిప్పుతోంది. డ్రైవరు నవ్వలేదు. పాఠం వినే పిల్లాడిలా వింటున్నాడు.

"తర్వాత తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో కెమెరా. కూర్చోండి సార్ అని పక్క సీట్లో కూర్చోబెట్టి, 'బెల్టు పెట్టుకోండి' అన్నాను. ఆయన చెయ్యి బెల్టు దాకా వెళ్లేసరికి ఊరు దాటేశాం. సైలెన్సర్ శబ్దం మమ్మల్ని అందుకోలేక నాలుగు రోడ్ల దగ్గర ఆగి, ఎర్ర కారు ఎటు పోయిందండీ అని జనాన్ని దారి అడిగిందట. కారు నీడ షాపు ముందే ఉండిపోయింది, వెనక్కి వచ్చాక ఎక్కించుకున్నాం. బయల్దేరేముందు ఇక్కడే చెల్లెమ్మకు రెండు టీలు చెప్పి వెళ్లాం."

"నా కొట్లో ఏ ఆఫీసరూ టీ తాగలేదన్నయ్యా," అంది టీ కొట్టు ఆవిడ.

"ఎలా తాగుతాడమ్మా? మేం తిరిగొచ్చేసరికి నువ్వింకా కొట్టే తెరవలేదు. బయల్దేరినదానికంటే ముందే వచ్చేశాం."

దర్జీకి పొలమారింది. మావయ్య ఆగలేదు. కారుకు కొత్త బ్రేకులు తనే వేసుకున్నాడు గానీ నోటికి వేసుకోవడం మరిచిపోయాడు.

"అప్పుడు ఆ ఆఫీసరు డోరు పట్టుకుని దిగి, వణికే చేతుల్తో పెన్ను తీసి అడిగాడు. 'సార్, కారులో మార్పులేమైనా ఉన్నాయా?' అని. నేను ఆయన కళ్లలోకి చూసి, 'లేవు' అన్నాను. 'అది పుట్టడమే అలా పుట్టింది' అన్నాను. మారు మాట లేకుండా రాసుకున్నాడు."

డ్రైవరు తల ఎత్తాడు. "లేవనే చెప్పారా మావయ్యా?"

"చెప్పాను."

"బానెట్ ఎత్తి చూడలేదా?"

"చూడ్డమేమిటి అల్లుడూ, చేతులు జోడించి వెళ్లాడు."

డ్రైవరు బొటనవేలు ఫోను మీదికి జరిగింది. మావయ్య అది చూశాడు. ఇక్కడ ఆపేద్దామా అనుకున్నాడు కూడా. కానీ దర్జీ మోకాలు చరుచుకుంటూ, "తర్వాత, తర్వాత" అంటున్నాడు. వినేవాళ్లు అలా అడుగుతుంటే ఆగడం ఆయన పుట్టాక నేర్చుకోని పని.

"తర్వాత ఏముంది, రేటు సున్నాకు దిగింది. సున్నా దగ్గర ఆగుతుందనుకున్నాను, ఆగలా. మేమే మీకు ఎదురు డబ్బులిస్తాం అన్నారు. వద్దన్నాను. చివరికి నాలుగు కంపెనీల పెద్దలూ ఒకే కార్లో వచ్చి, నా షాపు ముందు ఇనప రజను మీద నిలబడి, 'అయ్యా, మీ కారుకు మేం బీమా ఇవ్వడమేమిటి, మాకు సిగ్గుగా ఉంది. రేపు మా కంపెనీలకే ఏదైనా అయితే మీ కారు చూసుకుంటుందని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు' అన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. నాలుగూ పోల్చి చూసుకోవాలా వద్దా మరి?"

దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. ఎదురు వర్క్‌షాపులో ఎవరో సుత్తి ఆపి మరీ నవ్వారు.

డ్రైవరు ఊపిరి పీల్చుకున్నాడు. "వారం నుంచి నిద్ర లేదు మావయ్యా. అన్ని మార్పులున్న కారుకే ఏం కాలేదు, నా బెంచీ ఎంత. లేవు అని నొక్కేస్తున్నాను."

"ఉండల్లుడూ," అన్నాడు మావయ్య. "అది కారు, ఇది వ్యాను. రెండూ ఒకటి కాదు."

"ప్రశ్న ఒకటే కదా మావయ్యా. మీరు లేవనే అన్నారు కదా."

మావయ్య గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు.

టీ కొట్టు ఆవిడ గరిటె పక్కన పెట్టింది. స్టవ్ తగ్గించింది.

"నొక్కకు బాబూ," అంది. "అన్నయ్యా, నిన్న మధ్యాహ్నం కొట్టు వెనక నా నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడింది ఎవరు?"

మావయ్య తల దించుకున్నాడు.

"స్పీకరు పెట్టుకున్నావు, వినకుండా ఎలా ఉంటాను. అవతల ఆవిడ ఇదే ప్రశ్న అడిగింది. నువ్వు 'ఉన్నాయమ్మా' అన్నావు. టర్బో ఉందన్నావు. అది ఏ కంపెనీదీ కాదు, నా లేత్ మీద నేనే చేశాను, అలాగే రాసుకో తల్లీ అన్నావు. స్ప్రింగులు కోశానన్నావు, చక్రాలు మార్చానన్నావు. ఇక చాలు సార్ అని ఆవిడ అంటుంటే, 'ఆగమ్మా, ఎడమ తలుపు గడియ కూడా నేను చేసిందే, అదీ రాయి' అన్నావు. మిగతా మూడు కంపెనీలూ వద్దన్నాయమ్మా, నువ్వైనా చూడు అన్నావు. ఆవిడ ఎవరినో కనుక్కుని వచ్చి, ఆ టర్బో తీసేస్తే తీసుకుంటాం సార్, ఉంటే తీసుకోలేం అంది. నువ్వు ఒక్క మాట కూడా ఎదురాడలేదు. 'దేవుడు నిన్ను చల్లగా చూడాలమ్మా' అని పెట్టేశావు. తర్వాత నా డ్రమ్ములో నీళ్లతో చాలాసేపు మొహం కడుక్కున్నావు."

వీధిలో లేత్‌లు తిరుగుతూనే ఉన్నాయి. దర్జీ గ్లాసు పక్కన పెట్టాడు.

డ్రైవరు ఫోను కిందికి దించాడు. "వద్దంటారని తెలిసి కూడా ఎందుకు చెప్పారు మావయ్యా? మూడుసార్లు దెబ్బ తిన్నారు. నాలుగోసారి ఒక్క లేవు అంటే సరిపోయేది కదా."

మావయ్య అరచేతులు చూసుకున్నాడు. గీతల నిండా నల్లటి ఆయిల్, ఎంత కడిగినా పోనిది.

"ఇక్కడ నేను ఎన్ని కోతలు కోసినా పరవాలేదు అల్లుడూ," అన్నాడు. "మీ దర్జీ బాబాయి నవ్వుతాడు, చెల్లెమ్మ తల ఊపుతుంది. నమ్మేవాళ్లు ఎవరున్నారు, ఎవరికి నష్టం? ఆ అమ్మాయి అలా కాదు. నేను ఒక మాట చెప్పగానే అవతల టకటకా రాసుకుంటోంది. నాకు వినిపిస్తోంది. నన్నెప్పుడూ చూడని మనిషి, నా మాట నమ్మి రాసుకుంటోంది. నమ్మేవాళ్ల దగ్గర అబద్ధం ఎలా చెప్పను?"

"నేను నమ్మాను మావయ్యా," అన్నాడు డ్రైవరు.

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట ఉన్నట్టు అన్నాడు.

మావయ్య ముఖం చూసినవాళ్లు ఆ రోజును ఇప్పటికీ మరిచిపోలేదు. ఎన్నేళ్ల నుంచో ఊదుతూ వచ్చిన బుడగ పగిలితే చప్పుడవుతుందనుకుంటాం. ఏ చప్పుడూ కాలేదు. ఆయన సగం తాగిన గ్లాసు కింద పెట్టి, లేచి షాపులోకి వెళ్లి, స్పానరు తీసుకుని వచ్చాడు.

"తాళం ఇయ్యి," అన్నాడు.

వ్యాను వెనక తలుపు తీసి, మోకాళ్ల మీద లోపలికి దూరాడు. బెంచీ కింద ఒక చిన్న రిబ్బను, విరిగిన రబ్బరు ముక్క, ఎండిన బిస్కట్ పొడి. వాటిని తీసి పక్కన పెట్టాడు. బోల్టులు తుప్పు పట్టి కదలనన్నాయి. తన చేత్తో గట్టిగా బిగించినవే మరి. దర్జీ కూడా వచ్చి అడుగున పట్టుకున్నాడు.

"మరి ఈ నలుగురు పిల్లలు?" అన్నాడు డ్రైవరు.

"రెండో ట్రిప్పు వెయ్యి," అన్నాడు మావయ్య లోపలినుంచి.

"టైము చాలదు. రెండు వీధులు తిరిగి రావాలి."

"మా పిల్లను నేను నడిపించుకుని వెళ్తాను," అన్నాడు దర్జీ. "మిగతా ముగ్గురిదీ మా వీధే. నాతో వస్తారు." ఆ పిల్ల రోజూ ఆ బెంచీ మీద కూర్చుంటుందని ఆయనకు ముందు నుంచీ తెలుసు. తెలిసీ ఇందాక నవ్వాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయనే తల తిప్పి రిబ్బను తీసి జేబులో పెట్టుకున్నాడు.

బెంచీ బయటికి వచ్చింది. ముగ్గురూ కలిసి మోసి టీ కొట్టు ముందు పెట్టారు. డ్రైవరు చెమట తుడుచుకుని ఫోను తీశాడు.

"ఇప్పుడు లేవు అని నొక్కొచ్చా?"

"ఆగు," అని మావయ్య మళ్లీ వ్యాను కిందికి దూరాడు. చాలాసేపు రాలేదు. "బోల్టుల చిల్లులు మిగిలిపోయాయి," అన్న మాట మాత్రం వినిపించింది. "అవి మూసేసి వస్తాను. అప్పుడు నొక్కు."

రేకు ముక్కలు తెచ్చి, అతికించి, అరచేత్తో తడిమి చూసుకుని బయటికి వచ్చాడు. తల ఊపాడు. డ్రైవరు నొక్కాడు. ఆ క్షణంలో టీ కొట్టు ఆవిడ పైకి చూసి కళ్లు మూసుకుంది. ఆ పిల్లలందరూ రోజూ భద్రంగా ఇల్లు చేరాలని ఆవిడతోపాటు మనమూ కోరుకుందాం.

తర్వాత నలుగురూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు. ఆవిడ కొత్తగా టీ పోసింది.

"ఆ తర్వాత ఏమైంది బావా?" అన్నాడు దర్జీ మెల్లగా. ఈసారి ఎత్తిపొడుపు లేదు.

మావయ్య షాపు వెనక కవరు కప్పుకుని ఉన్న కారు వైపు చూశాడు. గాలికి కవరు ఒక మూల లేచి, ఎర్ర రంగు కాస్త కనిపించి, మళ్లీ పడిపోయింది.

"తర్వాతేముంది బావా," అన్నాడు. "స్పానరు చేతిలోనే ఉంది."

టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టి, కారు దగ్గరికి నడిచాడు.