మోతెకుంటలో రెండో పూత

ఎల్లారెడ్డి, జులై 18, శుక్రవారం, ఉదయం 11.20. మేజిస్ట్రేట్ గారి ఎదుట.

నా పేరు చిట్టంపల్లి రూత్. తండ్రి పేరు సీమోను. వయసు ఇరవై నాలుగేళ్లు. బీకాం చదివాను. కామారెడ్డిలో ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా పని చేస్తున్నాను. ఎల్లారెడ్డిలో అమ్మానాన్నల దగ్గర ఉంటూ రోజూ బస్సులో పోయి వస్తాను. నన్ను ఎవరూ తీసుకురాలేదు. ఎవరూ నేర్పి పంపలేదు. చెప్పి తీరాలన్న నిర్బంధం నాకు లేదని, చెబితే నా మీదికే రావచ్చని మేజిస్ట్రేట్ గారు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ అర్థమైంది.

మోతెకుంటలో విషం కలిపి చేపలను చంపాడని జూన్ 30న అరెస్టు చేసిన తిరుపతి ఆ పని చేయలేదు. చేపలు చచ్చింది ఇంజన్ ఆయిల్‌తో. ఆ ఆయిల్ కుంటలో పోసింది మేము. మేము అంటే ఎవరెవరో వరుసగా చెబుతాను.

కామారెడ్డిలో విత్తనాలు, పురుగుమందుల షాపు నడిపే సునీల్‌కుమార్ గారు ఈ ఏడాది జనవరిలో గోల్ఫ్ ఆడేవాళ్ల క్లబ్బు ఒకటి పెట్టారు. ఆయన అధ్యక్షుడు. లెక్చరర్ అరుణ్‌కుమార్ గారు కార్యదర్శి. ఇంకో ఏడుగురు సభ్యులు. ఎల్లారెడ్డి శివారులో ఎండిపోయిన మోతెకుంట శిఖంలో, అంటే కుంట అడుగు నేలలో, తొమ్మిది జెండాలు పాతి ప్రతి ఆదివారం ఆడేవాళ్లు. మా బాపు మస్కట్ దగ్గర ఒక ఇసుక గోల్ఫ్ మైదానంలో పదమూడేళ్లు పని చేసి నిరుడు తిరిగొచ్చాడు. ఆట నేర్పమని ఆయన్ను పిలిచారు. నేను ఆయన్ను స్కూటీ మీద దింపడానికి పోయి, ఊరికే ఒక కర్ర అందుకుని కొట్టాను. బంతి వాళ్లందరి బంతులకంటే దూరం పోయింది. అరుణ్‌కుమార్ గారు "గాలికి పోయింది" అన్నారు. ఆ రోజు గాలి లేదు.

ఎల్లారెడ్డిలో ఆదివారం చర్చి అయిపోయాక నాకు చేయడానికి ఏమీ ఉండదు. అందుకని పోవడం మొదలుపెట్టాను. దీన్ని సాకుగా చెప్పడం లేదు.

దేశంలో సరదాకు గోల్ఫ్ ఆడేవాళ్లు తాము ఆడిన మైదానాల ఫొటోలు, అనుభవాలు పెట్టుకునే గ్రూపు ఒకటి ఫేస్‌బుక్‌లో ఉంది. ముప్పై వేల మంది ఉంటారు. మంచు కొండల కింద ఒకరు, సముద్రం ఒడ్డున ఒకరు, విల్లాల మధ్య ఒకరు. ఫొటో పెట్టకపోతే ఆడినట్టే కాదు. క్లబ్బు తరఫున ఫొటోలు తీసి, రాసి పెట్టే పని సునీల్‌కుమార్ గారు నాకు అప్పజెప్పారు. ఏప్రిల్ 6న మొదటి ఫొటోలు పెట్టాను. అరగంటలో నలభై కామెంట్లు వచ్చాయి. ఇది గోల్ఫా, బర్రెల పోటీనా అని ఒకరు. పేడలో పడితే బంతి కడుక్కోవచ్చా అని ఒకరు. జెండా చుట్టూ ఆ పగుళ్లేమిటి, భూకంపమా అని ఒకరు. సునీల్‌కుమార్ గారు ఆ కామెంట్లన్నీ నాకు ఫోనులో చదివి వినిపించారు. నేను వాటిని ఆయనకంటే ముందే చదివాను.

"ఫొటోల మంచిగ కనవడాలె రూతమ్మా. ఎట్ల చేస్తవో నాకు తెల్వది," అన్నారు.

అప్పుడు నేనే బాపును అడిగాను. జెండా గుంత చుట్టూ నేల చాప పరిచినట్టు ఉంటేనే బంతి దొర్లుతుంది. పచ్చిక పెరగని చోట ఇసుకలో నూనె కలిపి పరిచి గట్టి చేస్తారు. దాన్ని బ్రౌన్ అంటారు. మస్కట్‌లో బాపు చేసిన పని అదే, పదమూడేళ్లూ. ఆయన ఒప్పుకున్నాడు. కానీ మిరుగానికి, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తెకు, ముడిపెట్టి ఒక షరతు పెట్టాడు. నా ముందు, సునీల్‌కుమార్ గారి ముందు పెట్టాడు.

"అక్కడ వానలు లెవ్వు సారూ. ఇది కుంట. మిరుగం లోపల ఇసుకంత ఎత్తి గట్టు అవతల పోయాలె. ఒక్క తట్ట గూడ ఉండొద్దు."

"ఎత్తుదాం తియ్యి సీమోనూ," అన్నారు సునీల్‌కుమార్ గారు.

ఏప్రిల్ 27న మొదటి పూత వేశారు. ఒక్కో జెండాకు ఇరవై లీటర్ల డబ్బా ఒకటి. ట్రాక్టర్ షెడ్లలో తీసి పారేసే నల్ల ఆయిల్. బాపు చేతులతో ఇసుక పిసికి, వేళ్లకు అంటీ అంటనట్టు ఉందని చూసి పరిచాడు. మే 4న తీసిన ఫొటోలకు 412 లైకులు వచ్చాయి. బ్రౌన్ ఎట్లా చేయాలో వివరంగా నేను రాశాను. ఆయిల్ ఎంత, ఇసుక ఎంత, ఎవరు చేశారు. బాపు పేరు, ఫొటో పెట్టాను. ఆ పోస్టు ప్రింటు ఈ వాంగ్మూలంతో ఇస్తున్నాను.

తిరుపతి గురించి. వయసు ముప్పై ఎనిమిది. మత్స్య సహకార సంఘం సభ్యుడు. కుంటకు కావలి ఆయనదే. నడుమ గుంటలో ఎండాకాలం కూడా నీళ్లు ఉంటాయి, ఆ నీళ్లలో సంఘం చేపలు ఉంటాయి. మార్చిలో ఆయన మా దగ్గరికి వచ్చి, "ఆడుకోండ్రి సారూ, ఎవరొద్దన్నరు. మిరుగం రాంగనే లేవాలె" అన్నాడు. సునీల్‌కుమార్ గారు సరేనన్నారు. ఈసారి మిరుగం జూన్ 8న వచ్చింది. మేము లేవలేదు. ఎందుకంటే జూన్ 15న హైదరాబాద్ నుంచి గ్రూపు వాళ్లు పదకొండు మంది మా మైదానం ఆడి, చూసి రాస్తామన్నారు.

జూన్ 14, శనివారం. ఈ రోజు గురించి జాగ్రత్తగా రాయమని కోరుతున్నాను.

షాపుకు సెలవు పెట్టి ఉదయం ఎనిమిదింటికి కుంటకు పోయాను. బ్రౌన్లు ఎండకు బూడిద రంగుకు తిరిగాయి. ఫోనులో చూస్తే రొట్టెలు కాల్చి పారేసినట్టు ఉన్నాయి. ఇంకో పూత వేయాలని నేను అన్నాను. నేనే అన్నాను. బాపు వద్దన్నాడు. ఆటకు ఇప్పుడున్నదే ఎక్కువన్నాడు. ఆట కోసం కాదు, ఫొటో కోసం అన్నాను. సునీల్‌కుమార్ గారు ఫోను చేసి రెండు వందల లీటర్ల డ్రమ్ములు నాలుగు ట్రాలీలో తెప్పించారు. బాపు డబ్బాతో కొలిచి పోయబోతే, టైం లేదని డ్రైవరు చేత డ్రమ్ములు వంచి పోయించారు. ఇసుక తాగినంత తాగింది. మిగిలింది నెర్రెల్లోకి పోయింది. నేను ఫొటోలు తీస్తూ ఉన్నాను. ఆ నలుపు మీద ఎండ పడితే నిజంగానే బాగుంది.

పది గంటలకు తిరుపతి వచ్చాడు. మూడో జెండా పీకి కింద పడేశాడు.

"ఏంది సారూ గిది? మిరుగం పోయి ఆరొద్దులాయె. ఆడుకునేటోళ్లు ఆడుకోవాలె గని, కుంటల గింత ఆయిల్ పోస్తరా? రేపు నీళ్లొస్తె చేపలేం గావాలె?"

"నీ చేపలకు తలకు నూనె పెడుతున్నం, అయితేంది?" అన్నారు సునీల్‌కుమార్ గారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

"నవ్వుండ్రి. సచ్చినంక నీ షాపు ముంగట తెచ్చి పోస్త."

"జెండా పాతు ముందు. పాతి మాట్లాడు."

"నేను పాతిన్నా? నువ్వే పాతుకో."

పోతూ పోతూ తిరుపతి నా వైపు చూశాడు. "సదువుకున్న పిల్లవు. నువ్వన్న జెప్పరాదు చెల్లె?" అన్నాడు. జెండా పడిపోయిన ఫొటో వద్దని నేను వంగి దాన్ని మళ్లీ పాతాను.

15న హైదరాబాద్ వాళ్లు వచ్చి ఆడి పోయారు. చాలా మంచి మాటలు రాశారు. 16న బాపు ఒక్కడే ట్రాలీ మాట్లాడుకుని ఇసుక ఎత్తడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి రెండు బ్రౌన్లు ఎత్తాడు. ఒంటి గంటకు సునీల్‌కుమార్ గారు ఫోను చేసి ఆపమన్నారు. 29న కప్పు పోటీ ఉంది, అదయ్యాక ఎత్తుదామన్నారు. బాపు నన్ను అడిగాడు. రెండు వారాలే కదా, వాన జాడ కూడా లేదు అన్నాను. ఫోనులో వాతావరణం చూసి మరీ చెప్పాను.

జూన్ 26 సాయంత్రం నుంచి మరునాడు పొద్దుటి వరకు వాన పడింది. 27 ఉదయం చూసేసరికి శిఖం మొత్తం నీళ్లు. ఏడు జెండాల కొసలు మాత్రం కనిపించాయి. నీళ్ల మీద రంగులు తేలుతున్నాయి. బాపు మోకాళ్ల లోతు దిగి తట్టతో ఇసుక పైకి తేవాలని చూశాడు. ఖాళీ తట్ట పైకి వచ్చింది. మళ్లీ ముంచాడు. నేను గట్టు మీద నిలబడి "చాలు బాపూ, రా" అని అరిచాను. అరవై ఏళ్ల మనిషి.

29 ఉదయం ఆరుంబావుకు చేపలు తెల్లగా తేలాయి. సంఘం వాళ్లు వచ్చారు. తిరుపతి నీళ్లు దోసిట్లో పట్టి అందరికీ వాసన చూపించాడు. ఎనిమిదింటికి సునీల్‌కుమార్ గారు వచ్చి, అది ట్రాక్టర్లు కడిగిన నూనె అన్నారు. 26 సాయంత్రం తిరుపతి పురుగుమందు డబ్బాతో కుంట వైపు పోతుంటే చూశానన్నారు. మాతో గొడవ పడ్డాడు కాబట్టి మా మీదికి తోయడానికే విషం కలిపాడన్నారు. తిరుపతి ఇంట్లో మందు డబ్బా దొరికింది. అది ఆయన తన వరి నారు కోసం సునీల్‌కుమార్ గారి షాపులోనే కొన్నది. రైతు ఇంట్లో మందు డబ్బా దొరకడం ఎల్లారెడ్డిలో వింత కాదు. మరునాడు ఆయన్ను తీసుకుపోయారు.

29 మధ్యాహ్నం సునీల్‌కుమార్ గారు మా ఇంటికి వచ్చారు. మా అమ్మ మరియ ఇచ్చిన చాయ్ తాగారు.

"రూతమ్మా, ఆ ఆయిల్ పోస్టు తీసెయ్యి. దాంట్ల నా పేరు లేదు, చూసుకున్నవా? మీ బాపు పేరే ఉన్నది. ఫొటో గూడ మీ బాపుదే. నేను మీ మంచికే చెప్తున్న."

ఆయన పోయాక బాపు చొక్కా తొడుక్కున్నాడు. "పోదాం పా బిడ్డా. ఉన్నది ఉన్నట్టు చెప్పొద్దాం. ఆ పిలగానికి ముగ్గురు పిల్లలు," అన్నాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "నువ్వు ఊకో. నీకేం తెల్వది," అన్నాను. పదమూడేళ్లు మా కోసం ఎడారిలో ఇసుక పిసికిన మనిషిని ఆ మాట అన్నాను. ఆయన చొక్కా విప్పి వంకెకు తగిలించాడు. పోస్టు తీసేయలేదు, ఎవరికీ కనపడకుండా పెట్టాను. ఎందుకు తీసేయలేదో నాకే తెలియదు. 412 లైకుల మీద ఆశ కూడా అయి ఉండొచ్చు.

జులై 12న సునీల్‌కుమార్ గారు గ్రూపులో తిరుపతి ఫొటో పెట్టారు. ఇద్దరు పోలీసుల మధ్య తల వంచుకుని నిలబడ్డ ఫొటో. మా మైదానాన్ని నాశనం చేసినవాడు ఇతనే అని రాశారు. గోల్ఫ్‌లో ఒక నియమం ఉంది, ఆటకు అడ్డొచ్చే ఎండుటాకులు, పుల్లలు ఏరి పారేస్తే తప్పు కిందికి రాదు. ఒకరు ఆ నియమం నంబరు రాసి, "ఏరి పారేశారు, మంచిది" అని కామెంట్ పెట్టారు. దానికి నవ్వే బొమ్మలు 63. పెట్టినవాళ్లలో జూన్ 15న మా ఇంట్లో అన్నం తిన్న నలుగురు ఉన్నారు. వాళ్లు ఈ దేశంలోని మైదానాలన్నీ చూశారు. ఎక్కడి మనిషినీ చూడలేదు.

ఆ రాత్రే ఆయిల్ పోస్టు మళ్లీ అందరికీ కనపడేలా పెట్టాను. జూన్ 14 నాటి డ్రమ్ముల ఫొటోలు పదిహేడు జత చేశాను. ఒకదాంట్లో సునీల్‌కుమార్ గారు డ్రమ్ము మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు. తెల్లవారేసరికి నన్ను గ్రూపు నుంచి తీసేశారు. ఆ ఫొటోలు తారీఖు, సమయంతో ఉన్న నా ఫోను ఇక్కడ అప్పజెబుతున్నాను.

ఈ మాటలతో నా మీద, మా బాపు మీద కేసు కావచ్చని నాకు తెలుసు. రెండో పూత వేయమన్నది నేను. బాపు వద్దన్నాడు. ఎత్తడం మొదలుపెట్టింది ఆయన, ఆపించింది సునీల్‌కుమార్ గారు, ఫరవాలేదన్నది నేను. ఈ తేడా రాయమని కోరుతున్నాను. నిన్న రాత్రి బాపుకు చెప్పాను. "గిప్పుడన్న పోతున్నవు," అన్నాడు.

ఈ ఉదయం కోర్టు బయట బెంచీ మీద తిరుపతి భార్య బాలలక్ష్మి కూర్చుని ఉంది. బెయిలు కోసం వచ్చిందట. పక్కనే ఖాళీ ఉంటే కూర్చుని, ఏం చెప్పబోతున్నానో మొత్తం చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చివరిదాకా విన్నది.

"ఆ దినమే తెల్సా నీకు?" అని అడిగింది.

"తెల్సక్కా."

"పద్దెనిమిది దినాలాయె. మా చిన్నోడు బడికి పోతలేడు. విషమోని కొడుకు అంటున్నరట." బెయిలు కాగితాలు సంచిలో పెట్టుకుంది. "ముందుగాల చెప్తే నీదేం పోతుండె?"

ఆమె అడిగింది, నేను జవాబు ఇవ్వలేదు అన్నది కూడా ఇందులో ఉండాలి.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా, నాకు తెలిసిన నిజం చెప్పి, ప్రతి పేజీ కింద నా చేత్తో సంతకం చేశాను.

(సంతకం)
చిట్టంపల్లి రూత్
జులై 18, మధ్యాహ్నం 1.05