రెబ్కా గారు సంతకం పెట్టని ఇరవై మూడు రోజులు

1989 ఆగస్టు 17వ తేదీ గురువారం ఉదయం పది గంటలకు, పొన్నూరు దగ్గరి పల్లెలో వరి కోతలకు వెళ్లే కూలి దంపతుల కుమార్తె శ్రీమతి పెదపూడి రెబ్కా గారు మన పురపాలక సంఘం నీటి పరీక్షశాలలో సహాయకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికే పదేళ్ల సర్వీసున్న పంపు ఆపరేటరును గనుక, కొత్తగా వచ్చినవారిని ఆటపట్టించే హక్కు నాకున్నదనుకొని, "అమ్మాయ్, ఇక్కడ పరీక్షలకేం గానీ, నీళ్లు తెల్లగా ఉంటే తాగడం, లేకపోతే దణ్ణం పెట్టుకుని తాగడం" అన్నాను. ఆమె చేతిసంచి బల్లమీద పెట్టి, "దణ్ణం పెట్టుకున్నా విరేచనాలు పట్టుకున్నవాళ్ల పేర్లు ఎందులో రాస్తారండీ?" అని అడిగారు. అటువంటి పుస్తకం లేదని తెలిసి, ఆ సాయంత్రమే ఒకటి ప్రారంభించారు.

పదిహేనేళ్లు తాగునీటి నాణ్యతకు కాపలా కాసిన పిమ్మట 2004లో కెమిస్టుగా, 2011లో నూతనంగా నిర్మించిన మురుగునీటి శుద్ధి కేంద్రానికి పరీక్షశాల బాధ్యురాలిగా ఆమె నియుక్తులయ్యారు. ఊరి మురుగంతా వాగులో కలిసే రోజులవి. కేంద్రం తెరిచిన వారంలో, ఆ కంపుకు ఆకాశంలో పోతున్న కొంగ ఒకటి కళ్లు తిరిగి, కొత్తపట్నం సముద్రంలో ముక్కు కడుక్కునేదాకా ఎక్కడా వాలలేదని నేను నలుగురికీ చెప్పాను. రెబ్కా గారు మాత్రం ఆ మురుగును గాలి తొట్లలోకి మళ్లించి, కంటికి కనిపించని సూక్ష్మజీవులు అందులోని మాలిన్యాన్ని తిని నీటిని తేర్చే విధానాన్ని పసిబిడ్డను సాకినట్టు సాకారు. తేరిన నీరు దిగువపాలెం పొలాలకు పారేది. పదిహేను రోజులకొకసారి పరీక్ష జరిపి, నీరు యోగ్యమని రెబ్కా గారు సంతకం చేస్తేనే కాలువ తూము తెరుస్తారు.

2013లో మురుగునీటి చార్జీ ప్రవేశపెట్టినప్పుడు వార్డు సభలో కుర్చీలు లేచాయి. కారం మర నడిపే కోటిరత్నం గారు కొంగు బిగించి, "పాలు పోసినోళ్లకి డబ్బులిచ్చే లోకం చూశాం గానీ, పోసినోళ్ల దగ్గరే గుంజే లోకం ఇప్పుడే చూస్తన్నాం! మురుగూ మాదే, డబ్బులూ మాయేనా?" అన్నారు. రెబ్కా గారు నెమ్మదిగా, "మీ మర కాడికి కాయలు తెచ్చినవాళ్ల దగ్గర ఆడించినందుకు కూలి తీసుకోరా అండీ? కాయలూ వాళ్లవేగా, కూలీ వాళ్లదేగా?" అన్నారు. సభ నవ్వింది. కోటిరత్నం గారు మర్నాడే చార్జీ కట్టారు. కట్టి ఊరుకుంటే ఈ వ్యాసానికి విషయమే ఉండేది కాదు.

2014 ఫిబ్రవరి రెండో వారంలో తొట్లలోని నీరు నల్లబడి, నురగ కట్టి, సూక్ష్మజీవులు ఉన్నట్టుండి నశించాయి. దిగువపాలెంలో నాగేంద్రబాబు గారు ఈ నీటినే నమ్ముకొని రెండెకరాల బెండతోట వేశారు. పూత దశ. తూము మూసి ఉంచారు. శుద్ధి కాని నీరు కేంద్రం వెనకనున్న నిలవ గుంటల్లో రోజురోజుకూ పైకి వస్తున్నది. అప్పటి పై అధికారి ఒకరు కాగితం ముందుంచి, "రాసెయ్యండమ్మా, పొలంలోకేగా పొయ్యేది, ఎవరన్నా తాగుతారా?" అన్నారు.

"తోటపనికి వచ్చే ఆడవాళ్లు ఆ కాలవలోనే చేతులు కడుక్కుని అన్నం తింటారండి. మా అమ్మ అట్టాగే తినేది" అని రెబ్కా గారు కలం మూత పెట్టేశారు. మర్నాటికి మెమో వచ్చింది.

నాగేంద్రబాబు గారు గేటు దగ్గరికే వచ్చి, "మీ ఒక్క సంతకం కోసం నా తోట ఎండాలా మేడం?" అని నిలదీశారు. "ఎండుద్దండి. తప్పు మాది. కానీ ఈ నీళ్లు మాత్రం వదలను" అని ఆమె తలవంచుకొని చెప్పిన మాటకు, పక్కనున్న నాకు సమయానికి ఒక్క హాస్యమూ తోచలేదు.

తప్పు ఎక్కడున్నదో పట్టుకోవడానికి మేమిద్దరం వీధివీధినా మురుగు గుంటల మూతలు తీయించుకుంటూ నడిచాము. నాలుగో రోజున మర వీధిలో మూత లేచిన తక్షణం నేను పంతొమ్మిది సార్లు తుమ్మాను. ఆ ధాటికి ఎదురింటి పెంకులు రెండు జారిపడ్డాయి. ఒకటేనని రెబ్కా గారు ఇప్పటికీ సరిదిద్దుతూ ఉంటారు. సంగతేమంటే, పూర్వం ఊరి బయట పూడ్చిపెట్టే తాలు మిరపకాయల పొడినీ, మర కడిగిన కారపు నీళ్లనూ కోటిరత్నం గారు కొన్నాళ్లుగా మురుగు గొట్టంలోకే పంపిస్తున్నారు. "ఊరికే పోస్తన్నానా? చార్జీ కడతన్నాంగా, వాడుకోకపోతే ఎట్టా?" అన్నది ఆమె న్యాయం.

రెబ్కా గారు వాదించలేదు. ఆమెను పరీక్షశాలకు తీసుకువచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"ఏవీ కదలట్లేదేందమ్మా?"

"చచ్చిపోయాయండి."

"మా కారానికా! నాలుగు తరాలుగా తింటన్నాం, మాలో ఒక్కడూ చావలేదే!"

"మనం నెయ్యేసుకుంటాం కోటిరత్నమ్మా, వాటికెవరు వేస్తారు?" అన్నాను నేను.

ఆమె నవ్వలేదు. "ఊళ్లో చెప్పుకుంటన్న ఆ బెండతోటాయన ఎవరు?" అని మాత్రం అడిగారు. ఆనాడే గొట్టం మూయించి, మర్నాడు మా కేంద్రానికి ట్రాక్టరు నిండా గేదెల పేడ పంపించారు.

ఇంట్లో తోడు లేకపోతే పొరుగింటికి గిన్నె పట్టుకెళ్లే ఇల్లాలి వలె, రెబ్కా గారు పొరుగు పట్టణపు శుద్ధి కేంద్రానికి ట్యాంకరు తీసుకెళ్లి, జీవమున్న బురదను అడిగి తెచ్చి మన తొట్లలో తోడు వేశారు. పేడనీళ్లు ఆ కొత్త సూక్ష్మజీవులకు మేత అయ్యాయి. ఇరవై మూడో రోజున, నిలవ గుంటలు అంచు దాకా వచ్చిన వేళ, పరీక్ష నెగ్గింది. ఆమె సంతకం చేశారు, తూము లేచింది. నాగేంద్రబాబు గారి తోటలో సగం అప్పటికే ఎండిపోయింది. రెబ్కా గారు ఆ సాయంత్రం గట్టు మీద నిలబడి, ఎండిన సగాన్నే చాలాసేపు చూశారు.

ఎవరి మురుగు ఎంత భారమో పరీక్షించి మరలకు, మిల్లులకు వేరుగా చార్జీ నిర్ణయించాలనీ, కారపు నీళ్లు ముందు వాళ్ల దొడ్లోనే తేరాలనీ ఆమె రాసిన నివేదిక ఆ ఏడాదే అమలైంది. వార్డు సభలో దానికి తొలి చెయ్యెత్తినవారు కోటిరత్నం గారే. ఆదేశాన్ని ధిక్కరించారన్న మెమో మాత్రం సర్వీసు రిజిస్టరులో అలాగే ఉండిపోయి, ఆమె పదోన్నతిని మూడేళ్లు వెనక్కి లాగింది.

గత వారం ఆమె పదవీ విరమణకు పెన్షను కాగితాలు సర్దుతూ గుమాస్తా లాల్ అహ్మద్, "మేడం, ఒక దరఖాస్తు రాసివ్వండి, ఆ మెమో తీయించేద్దాం. పోయేటప్పుడు ఈ మచ్చెందుకు?" అన్నాడు. నేను కూడా వంత పాడాను.

"ఉండనివ్వు అహ్మద్. నా సీట్లోకి అఖిల వస్తోంది. ఎప్పుడో ఒకరోజు ఆ అమ్మాయినీ సంతకం పెట్టమంటారు. పెట్టకపోతే ఏమవుద్దో అని భయమేస్తే, నా రిజిస్టరు తీసి చూసుకుంటుంది."

"చూస్తే ఏమనుకుంటుంది మేడం?"

"ఏముంది, మూడేళ్లు ఆలస్యం. అంతేగా!"

ముప్పై ఆరేళ్లు ఈ ఊరి మాలిన్యాన్ని అసహ్యించుకోకుండా చూసి, దాని నిజాన్ని దాచకుండా రాసిన ఈ విదుషీమణికి, ఆమె భర్త జయపాల్ గారికి, కుమార్తె జాస్మిన్‌కు సహోద్యోగులందరి పక్షాన నమస్కరిస్తున్నాను. ఇకమీదట ఏ కాగితమూ ఎదురు చూడని తెల్లవారుజాములనూ, నొప్పి ఎరుగని మోకాళ్లనూ, నిండు నూరేళ్ల ఆయుష్షునూ ప్రభువు ఆమెకు అనుగ్రహించుగాక.

— బుల్లయ్య,
విశ్రాంత పంపు ఆపరేటరు